రేవు గుంట ఆడవాళ్ళు

మా సముద్రతీరపు ఊరు మహ్దియాలో పుట్టిన మగవాడెవడూ పొద్దు కుంకిన తరువాత రేవు గుంట వైపు వెళ్ళడు.

పగటివేళ ఎవరైనా వెళ్ళవచ్చు. పిల్లలు గట్టు మీదినుంచి దూకి ఈదుతారు. జాలరులు పడవలు కట్టుకుని వలలు ఆరబెట్టుకుంటారు. ఊరు చూడవచ్చిన వాళ్ళు, ఏనాటి రాజులో కొండరాతిని తొలిచి చేయించిన ఆ చదరపు రేవును, నీటిలోకి దిగిపోయే మెట్లను కాసేపు చూసి, ఇసుక తీరాలకు మళ్ళిపోతారు. చీకటి పడితే మాత్రం ఆ దారిన అడుగు పడదు. ఊరి చివరి ఇంటికీ ఆ రేవుకూ నడుమ ఉన్నది సమాధుల నేల.

కంచె లేదు. గోడ లేదు. తెల్లని సమాధులు వాలు వెంట దిగుతూ దిగుతూ సముద్రపు అంచున ఆగుతాయి. ప్రతి సమాధి రాతి మీదా దోసెడు నీళ్ళు పట్టే పల్లం ఒకటి తొలిచి ఉంటుంది. అది పిట్టల కోసం. పిట్ట తాగిన నీరు లోపలివాళ్ళ దాహం తీరుస్తుందని మా పెద్దల మాట. వేసవిలో ఆ పల్లాలు ఎండిపోతాయి...

అప్పుడు లోపలి ఆడవాళ్ళు లేస్తారట. ఒంటిమీది తెల్లగుడ్డతోనే మెట్లు దిగి నీళ్ళలో కూర్చుంటారట. వాళ్ళను చూసిన మగవాడికి నోట మాట పడిపోతుందట.

ఈ కథను నేను నా తమ్ముళ్ళకు చెప్పాను, కొడుకులకు చెప్పాను, మనుమలకూ చెప్పాను. మొదట్లో అది అబద్ధమని తెలిసే చెప్పాను.

ఎందుకంటే ఆ తెల్లగుడ్డల వాళ్ళం మేమే.

ఎండలు నడినెత్తికెక్కే నలభై రోజులను మేము ఆవుస్సు అంటాము. ఆవుస్సులో సముద్రానికి వెళ్ళి ఏడు అలలను తలమీదుగా పోనిచ్చిన వాళ్ళకు ఏడాది పొడుగునా నొప్పి రాదని నమ్మకం. మగవాళ్ళు పట్టపగలు, నవ్వుకుంటూ, అందరి ఎదుటా మునుగుతారు. గౌరవమైన ఇళ్ళ ఆడవాళ్ళు ఎక్కడ మునగాలి? అందుకని మా అమ్మమ్మల అమ్మమ్మలు ఒక ఉపాయం చేశారు. ఆవుస్సు మొదటి రాత్రి, తెల్లవారుజామున, నిలువెల్లా కప్పే తెల్లని సెఫ్సారీ ముసుగులు వేసుకుని రేవు గుంటకు వెళ్ళేవారు. గుంపుగా కాదు, ఎవరి గుమ్మం నుంచి వారు. ఒకరిని ఒకరు పిలవకూడదు. అక్కడ ఒక్క మాట కూడా మాట్లాడకూడదు, ఎందుకంటే గొంతు వినబడితే అది బ్రతికినవాళ్ళ గొంతని తెలిసిపోతుంది. ఇక మగవాళ్ళు రాకుండా కావలి కాయడానికి ఈ దెయ్యాల కథ చాలు.

ఎన్నో తరాలు ఆ కావలి చక్కగా పనిచేసింది. ఆ కథ మాకే ఎదురు తిరిగిన సంవత్సరం గురించి ఇప్పుడు చెబుతాను. ఇందులో నేను చూసినది కొంత. మిగిలినది ఆ వేసవిలో మా ఇంటికి వచ్చిన మన్నూబియా నాకు చెప్పినది చెప్పినట్లు.

అప్పటికి నాకు ఇరవై దాటలేదు. ఆడపిల్లల బడిలో కొత్తగా పాఠాలు చెబుతున్నాను. తల్లి లేనిదాన్ని కనుక నన్ను పెంచినది మా పిన్ని షెల్బియా. ఆమె భర్త తయ్యబ్ బాబాయి జాలరి. మాట పెద్దది, మనసు మెత్తనిది. ఆ వేసవిలో ఆయన మేనల్లుడు లమీన్, భార్య మన్నూబియాతోనూ కూతురు దొజాతోనూ కైరువాన్ నుంచి సముద్రస్నానానికి మా ఇంటికి వచ్చాడు.

దొజాకు నాలుగేళ్ళు. కాళ్ళు చూడటానికి బాగానే ఉండేవి, కానీ నిలబెడితే నిలిచేవి కావు. వైద్యులు చూసి, ఏ లోపమూ లేదన్నారు. మన్నూబియా అత్తగారు ఆ పిల్లను పేరు పెట్టి పిలిచేది కాదు, "మూట" అనేది.

"ఈ వేసవి పోయేలోగా నడవకపోతే దక్షిణాన మా అత్తగారి అక్క దగ్గర వదిలేస్తారట," అని మన్నూబియా వచ్చిన రోజే మా పిన్నితో వంటింట్లో చెప్పింది. "ఒంటెలు మేపుకునే ఇల్లు అత్తయ్యా అది. అక్కడ దీన్ని ఎవరు ఎత్తుకుంటారు?"

"లమీన్ ఏమంటాడు?"

"ఆయన ఏమీ అనడు. అదే కదా బాధ."

పిన్ని చేపల పొలుసు గీకడం ఆపకుండానే గొంతు తగ్గించింది. "ఏడు అలలు దాటించాలి దాన్ని. అందరూ తొక్కే నీళ్ళల్లో కాదు, రేవు గుంటలో. ఆవుస్సు మొదటి రాత్రి, తెల్లవారక ముందే రా. సెఫ్సారీ కప్పుకో. ఎవరినీ పలకరించకు. పిల్ల ఒంటి మీది ఉప్పు కడగడానికి చిన్న కుండలో మంచినీళ్ళు పట్టుకురా. మీ ఆయనకి తెలియకూడదు."

మన్నూబియా తల ఊపింది. ఎప్పుడన్నది ఆమె మళ్ళీ అడగలేదు. మా పిన్నీ విడమరచి చెప్పలేదు.

మరునాటి సాయంత్రం అందరం గోధుమరవ్వ కుస్కుస్ పళ్ళెం చుట్టూ కూర్చున్నాము. తయ్యబ్ బాబాయి, అతిథి దొరికాడు కదా అని, తన కథ ఎత్తుకున్నాడు.

"నేను నా కళ్ళతో చూశాను లమీన్. పెళ్ళి కాని రోజులు. వల అక్కడే మరచిపోతే, తెచ్చుకుందామని తెల్లవారుజామున అటు వెళ్ళాను. మెట్టు మీద కూర్చుని ఉంది... తెల్లగా... జుట్టు విరబోసుకుని. నా వైపు తిరిగి చూసింది."

"ఏం చేశావు మామయ్యా?"

"ఏం చేస్తాను? పరిగెత్తాను. వారం రోజులు జ్వరం. ఈనాటికీ ఆ కళ్ళు కలలోకి వస్తాయి."

పిన్ని పళ్ళెం లోకి చూస్తూ చేప ముల్లు తీసుకుంటున్నది. తరువాత వంటింట్లో గిన్నెలు కడుగుతూ నా చెవిలో అన్నది: "ఆ దెయ్యాన్నే మరుసటేడు పెళ్ళి చేసుకున్నాడు. ఇప్పటికీ తెలియదు పాపం."

లమీన్ మాత్రం నవ్వలేదు. అతను సముద్రానికి దూరపు ఊరివాడు, ఆ నీళ్ళంటేనే భయం. "పిల్లను ఆ చుట్టుపక్కలకి తీసుకుపోయావంటే చూడు," అని భార్యకు చెప్పి పై గదిలో పడుకున్నాడు.

ఆ రాత్రే, తెల్లవారుజామున, మన్నూబియా బయలుదేరింది.

పిల్లను ఒంటికి కట్టుకుని, పైన సెఫ్సారీ కప్పుకుని, కింది నడవలో మా పిన్ని పెట్టుకునే చిన్న కుండను చంకన ఇరికించుకుని తలుపు తీసింది. ఆ కుండలోని నీళ్ళలో నారింజపూల అత్తరు నీరు కలపడం మా ఇంటి అలవాటు. దాహమేసిన వాళ్ళకు వాసనతోనే సగం దాహం తీరాలనేది పిన్ని. మా గదుల తలుపులు మూసి ఉండటం చూసి, వీళ్ళందరూ ముందే వెళ్ళిపోయారు, నాకే ఆలస్యమయింది అనుకున్నదట మన్నూబియా.

సందు దాటింది. చివరి ఇల్లు దాటింది. సమాధుల నేల మొదలయింది.

సముద్రంలోకి పొడుచుకుపోయిన నేల కొస మీది దీపస్తంభం వెలుగు మెల్లగా తిరుగుతున్నది. వెలుగు వచ్చినప్పుడు సమాధులన్నీ ఒక్కసారిగా తెల్లగా లేచి నిలబడేవి. పోయినప్పుడు ఏమీ లేదు... అల చప్పుడు తప్ప. వెలుగులో నడుస్తూ, చీకటిలో ఆగుతూ ఆమె దిగింది.

అప్పుడు కనబడ్డారు.

తెల్లని ముసుగులు. ఒకరి వెనుక ఒకరు మెట్ల వైపు దిగుతున్నారు. సందు నుంచి కాదు, సమాధుల నడుమ నుంచి. దగ్గరి దారి కాబోలు అనుకున్నది. మనుషులు కనబడ్డారన్న ధైర్యంతో వాళ్ళ వెనుకే నడిచింది. తన చెప్పుల చప్పుడు ఒక్కటే తనకు వినబడుతున్నదని మాత్రం అప్పుడు ఆమెకు తోచలేదు.

మెట్ల మీద వాళ్ళు చోటు ఇచ్చారు. ఆమె కూర్చున్నది. ఎవరూ మాట్లాడలేదు, మాట్లాడకూడదు కదా. పక్కనున్న ఆమె ముసుగు మన్నూబియా మోచేతికి తగిలింది. తడిగా ఉన్నది.

ఇంకా ఎవరూ నీళ్ళలో దిగలేదు.

సముద్రపు వాసన కూడా లేదు వాళ్ళ దగ్గర. తొలివాన పడ్డప్పుడు లేచే మట్టివాసన... అది వచ్చింది.

వాళ్ళు ఒక్కొక్కరుగా నీళ్ళలోకి దిగి వరుసగా నిలిచారు. ఒకామె చేతులు చాచింది. మన్నూబియా పిల్లను అందించింది. కొత్తవాళ్ళు ముట్టుకుంటే ఊరంతా వినబడేలా ఏడ్చే దొజా ఆ చేతుల్లోకి నోరు మెదపకుండా వెళ్ళిపోయింది.

రేవు గుంటలో అలలు ఉండవు; అక్కడ మేము వేసే ఏడు మునకలనే ఏడు అలలుగా ఎంచుకుంటాము. మూడు వైపులా రాయి. ఎంత గాలి వీచినా లోపలి నీరు పళ్ళెంలో పోసినట్లు ఉంటుంది. ఆ రాత్రి అల వచ్చింది. పిల్ల తలమీదుగా పోయింది. ఒకామె మరొకామెకు అందించింది. మరో అల. ఇంకొకామె చేతులు, ఇంకొక అల... పిల్ల లోతుకు వెళుతున్నది. ప్రతి అలకూ దొజా నవ్వుతున్నది. అంతకు ముందు ఆ నవ్వు మన్నూబియా ఎన్నడూ వినలేదు.

ఏడో అల పోయింది.

చివరి ఆమె పిల్లను తిరిగి ఇవ్వలేదు.

గుండెకు హత్తుకుని, సముద్రం వైపు ముఖం పెట్టి, అలాగే నిలబడిపోయింది. దీపస్తంభం వెలుగు వచ్చింది. పోయింది. మళ్ళీ వచ్చింది. ఆమె కదలలేదు.

మన్నూబియా నడుములోతు నీళ్ళలోకి దిగింది. నియమం తప్పింది.

"నా బిడ్డను ఇవ్వండి," అన్నది. గొంతు గుసగుసగానే వచ్చింది. "అమ్మా, మీ కాళ్ళు పట్టుకుంటాను. నాకు అదొక్కతే."

ముసుగులన్నీ ఆమె వైపు తిరిగాయి. ఒక్క ముఖం కనబడలేదు.

పిల్లను పట్టుకున్న ఆమె చెయ్యి ఎత్తి, గట్టు మీద పెట్టిన కుండను చూపించింది. తరువాత అరచెయ్యి పల్లంగా చేసి చాచింది.

మన్నూబియాకు అర్థమయింది. గట్టెక్కి, కుండతో మళ్ళీ నీళ్ళలోకి దిగి వంచింది. ఆమె తాగింది, లేదా తాగినట్లు తల వంచింది. తరువాత పక్కామె చెయ్యి చాచింది. తరువాత ఇంకొకామె. చిన్న కుండ అది, పిల్ల ఒంటికే చాలీ చాలని కుండ. వంచుతూనే ఉన్నది, నీళ్ళు వస్తూనే ఉన్నాయి. చాచిన ప్రతి చేతిలోనూ పోసింది. పోసిన ప్రతిసారీ నీళ్ళు రాతి మీద పడినట్లు చప్పుడు వినబడింది.

ఆమె నడుములోతు నీళ్ళలో నిలబడి ఉన్నది. అక్కడ రాయి ఎక్కడిది?

పిల్ల ఆమె చేతుల్లోకి వచ్చింది. ఇంటికి ఎలా చేరిందో ఆమెకు గుర్తు లేదు.

మరునాటి పొద్దున నేనూ పిన్నీ నడవలో సార్డీన్ చేపలు బాగుచేస్తున్నాము. మన్నూబియా వచ్చి పక్కన కూర్చున్నది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పెదవులపై నవ్వు ఉన్నది.

"అత్తయ్యా," అన్నది మెల్లగా, "చివరికి మీరు పిల్లని పట్టుకుని ఇవ్వకపోతే ఎంత భయపడ్డానో. కాస్త చెప్పి ఉండవలసింది, నీళ్ళు పొయ్యాలని."

"ఎక్కడ?" అన్నది పిన్ని.

"అదే... రాత్రి. గుంట దగ్గర."

పిన్ని చేతిలో కత్తి ఆగింది.

"మేము వెళ్ళేది ఇవాళ రాత్రి కదే," అన్నది.

అప్పుడు తెలిసింది పొరపాటు. మన్నూబియా పుట్టినది కైరువాన్‌లో, మతశాస్త్రం చదువుకున్న వాళ్ళ ఇంట. వాళ్ళ లెక్కలో రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. రాత్రి ముందు, పగలు తరువాత. అందువల్ల ఆవుస్సు మొదటి రోజుకు ముందు వచ్చే రాత్రే ఆమెకు మొదటి రాత్రి. కానీ ఆవుస్సు చంద్రుడి లెక్కది కాదు, సూర్యుడి లెక్కది. దానిని మా జాలరుల ఇళ్ళలో పొద్దుపొడుపుతోనే ఎంచుతాము. ఆ పగలు గడిచిన తరువాత వచ్చేదే మా మొదటి రాత్రి. తరతరాలుగా మేము ఆ రాత్రే వెళుతున్నాము. దానికి ముందు రాత్రి అక్కడికి ఎవరు వెళతారో... ఎవరూ చూడలేదు. చూడకుండా మేమే అందరినీ భయపెట్టి ఉంచాము.

నేను చదువుకున్నదాన్ని. చీకటి, భయం, నిద్రలేమి అని కారణాలు చెప్పాను. "కలగన్నావు వదినా," అన్నాను.

"అయితే నా బట్టలు ఎందుకు తడిశాయి?" అన్నది మన్నూబియా.

"ఒక్కదానివే స్నానం చేశావు."

పిన్ని చేతులు కడుక్కుని సెఫ్సారీ కప్పుకున్నది. నేనూ వెంట వెళ్ళాను. ఎండ అప్పటికే సమాధుల మీద మండుతున్నది. వారాల తరబడి చినుకు లేదు; నేలంతా ఎండి పగిలి ఉన్నది.

రేవు వైపు దిగే వాలులో ఉన్న పాత సమాధులు... పేర్లు అరిగిపోయినవి, ఎవరి మనుషులో ఎవరికీ తెలియనివి... వాటి పల్లాలన్నీ అంచుదాకా నిండి ఉన్నాయి. ఒక పిచ్చుక తాగుతున్నది.

నేను వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు లేదు. నారింజపూల వాసన వచ్చింది.

"చీకటిలో వదినే పోసి ఉంటుంది," అన్నాను.

"ఆ చిన్న కుండతోనా?" అన్నది పిన్ని. "ఇన్నేళ్ళూ వీళ్ళ పేరు చెప్పుకుని బ్రతికాం. ఒక్క ఏడైనా వీళ్ళకి నీళ్ళు పోశామా?"

ఆ పగలే పిన్ని ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకు సంగతి చెప్పింది. ఆ రాత్రి మా ఊరి ఆడవాళ్ళెవరూ స్నానానికి వెళ్ళలేదు.

దొజా ఆ వారంలోనే లేచింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక, నడవలో చాప మీద కూర్చున్న పిల్ల గోడ పట్టుకుని నిలబడింది, గోడ వదిలింది, అడుగు వేసింది. పిన్ని నాలుక ఆడిస్తూ, మా పెళ్ళిళ్ళలో పెట్టే సంతోషపు కేక పెట్టింది. తయ్యబ్ బాబాయి ఏడ్చాడు. లమీన్ రెండు చేతులూ చాచి ఎదురుగా కూర్చున్నాడు. "రా తల్లీ, నాన్న దగ్గరకి రా."

పిల్ల అతని పక్కనుంచి నడిచిపోయింది.

గుమ్మం దాటింది. తప్పటడుగులు కావవి, ఎప్పటినుంచో నడుస్తున్న మనిషి అడుగులు. సందులో ఎడమకు తిరిగింది. తల్లి పిలిచింది, వెనక్కి చూడలేదు. సమాధుల నేల మొదలయ్యే చోట లమీన్ పరుగెత్తి వెళ్ళి ఎత్తుకున్నాడు. గాలిలో కూడా ఆ చిన్న కాళ్ళు ఆడుతూనే ఉన్నాయి... సముద్రం వైపు.

కైరువాన్‌లో ఆ పిల్లను "మూట" అని మళ్ళీ ఎవరూ అనలేదు. అయితే ప్రతి ఏడూ ఆవుస్సు ముందు రాత్రి ఆ ఇంటి తలుపుకు లోపలినుంచి గడియతో పాటు పెట్టె కూడా అడ్డం పెట్టేవారని మన్నూబియా చెప్పేది. పొద్దున చూస్తే పిల్ల గడప దగ్గర, తలుపుకు నుదురు ఆనించి నిలబడి ఉండేదట. సముద్రం అక్కడికి ఒక పగటి ప్రయాణం. తలుపు మాత్రం సరిగ్గా అటే ఉండేది.

ఇప్పుడు ఎవరూ తలుపు వేయరు. దొజా పెళ్ళయి పిల్లల తల్లి అయింది. ప్రతి వేసవీ భర్తనూ పిల్లలనూ తీసుకుని మా ఊరు వస్తుంది. పగలంతా తీరంలో, ఇసుకలో, గొడుగుల కింద అందరిలాగే ఉంటుంది. పుచ్చకాయ కోసి పంచుతుంది, పిల్లలను కేకలేస్తుంది. ఆవుస్సు ముందు రాత్రి మాత్రం నా ఇంట్లో పడుకుంటుంది. తెల్లవారుజామున కుండలో నీళ్ళు నింపి, నారింజపూల నీరు కలిపి, ఒంటరిగా వెళ్ళి వస్తుంది. నేను అడగను. ఆమె చెప్పదు.

మా పిన్ని చనిపోయి చాలా ఏళ్ళయింది. ఆమెను రేవు వైపు వాలులోనే పెట్టాము.

ఈ ఏటి వేసవిలో దొజా తిరిగి వచ్చేటప్పటికి నేను మేలుకుని ఉన్నాను. ఈ వయసులో నిద్ర ఎక్కడిది? ఖాళీ కుండ గోడవార బోర్లించి, తడి సెఫ్సారీ పిండుతూ నన్ను చూసి నవ్వింది.

"ఇంకా పడుకోలేదా అత్తా?"

"మోకాళ్ళ నొప్పి," అన్నాను.

"షెల్బియా అమ్మమ్మ కూడా అదే అడిగింది. అత్తకి మోకాళ్ళు ఎలా ఉన్నాయని."

నడవలో మట్టివాసన వచ్చింది. తొలివాన పడ్డప్పుడు వచ్చే వాసన. బయట ఆకాశంలో ఒక్క మబ్బు లేదు.

"చలికాలంలోగా ఆ నొప్పులన్నీ పోతాయందిలే," అన్నది దొజా, ముసుగు దండెం మీద ఆరవేస్తూ. "తన పక్కన మెట్టు మీద నీకు చోటు ఉంచింది."

ఏ మెట్టు అని అడగబోయి, ఊరుకున్నాను.